నడుం దాటిన జుత్తుకి ఏ కట్ బాగుంటుంది? ముందు జడ వేసి చూడండి

[దృశ్యం: విజయనగరం, గంటస్తంభం దగ్గర సాయంత్రపు రద్దీ. పూలు కొంటున్న ఆడవాళ్లని కెమెరా వెనక నుంచి చూపిస్తుంది. పొడుగు జడలు, ముడులు, క్లిప్పులు.]

నమస్తే అండీ. ఈ వీడియో నడుం దాటి జుత్తున్న వాళ్ల కోసం. ఇంత జుత్తు పెంచుకున్నవాళ్లకి పార్లర్ మెట్లెక్కాలంటేనే టెన్షన్. "కొసలు కొంచెం తీయండి" అంటే జానెడు తీసేసిన కథ ప్రతి ఇంట్లోనూ ఒకటి వినిపిస్తుంది. అందుకని చాలామంది ఏళ్ల తరబడి కత్తెర తగలనివ్వరు. పైన దండిగా ఉన్న జడ కిందకొచ్చేసరికి ఎలకతోక అయిపోతుంది. అప్పుడు జుత్తు ఎంత పొడుగున్నా చూసేవాళ్ల కంటికి ఆ పల్చటి కొసే ఆనుతుంది.

కట్‌ల గురించి ఆన్‌లైన్‌లో వీడియోలకి లోటు లేదు. అయితే వాటిలో దాదాపు అన్నీ విరబోసిన జుత్తునే చూపిస్తాయి. మన విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ నడుం దాటిన జుత్తుని రోజంతా విరబోసుకుని తిరిగేవాళ్లు ఎంతమంది చెప్పండి? బస్సెక్కాలి, బండి నడపాలి, పొయ్యి దగ్గర నిలబడాలి. తలంటుకున్న పూట తప్ప మిగతా వారమంతా అది జడలోనో ముడిలోనో ఉంటుంది. కాబట్టి కట్ ఎంచుకునేటప్పుడు ముందు జడ సంగతి చూసుకోవాలని నా గట్టి నమ్మకం. జడలో అందంగా కుదిరిన ఆకారం విరబోసుకున్నప్పుడు కూడా బాగానే ఉంటుంది. విరబోస్తే బాగున్న ప్రతి కట్టూ జడలో కుదురుతుందని మాత్రం చెప్పలేం.

[దృశ్యం: క్లోజప్. స్టూలు మీద కూర్చున్న అమ్మాయి, వీపు మీద మూడుపాయల జడ. చేతిలో తెల్ల దారం, పెన్ను, స్కేలు.]

ముందు ఒక చిన్న పరీక్ష చేద్దాం. నూనె రాయని, పూర్తిగా ఆరిన జుత్తుని మామూలుగా జడ వేయండి. దారాన్ని మెడ దగ్గర జడ చుట్టూ ఒక చుట్టు తిప్పండి. బిగించొద్దు, ఆనితే చాలు. దారం కలిసిన చోట పెన్నుతో గీత పెట్టండి. నడుం దగ్గర ఒకసారి, రబ్బరు బ్యాండుకి నాలుగు వేళ్ల పైన ఒకసారి ఇలాగే కొలవండి.

ఇప్పుడు దారాన్ని స్కేలు మీద పెడదాం. ఈ అమ్మాయికి మెడ దగ్గర నాలుగు అంగుళాలు, నడుం దగ్గర మూడు, కొసలో ఒకటి వచ్చింది.

నాలుగులో ఒకటి అంటే పావు వంతు జుత్తు కిందిదాకా వచ్చిందని అనిపిస్తుంది. లెక్క అలా ఉండదండీ. చుట్టుకొలత సగమైతే లోపల ఉండే వెంట్రుకలు పావు వంతే. చుట్టుకొలత పావు అయితే వెంట్రుకలు పదహారో వంతు. అంటే ఈ అమ్మాయి జడలో నడుం దగ్గర సగానికి కాస్త పైగా జుత్తు ఉంది, కొసలో పదహారో వంతే మిగిలింది. ఆఖరి జానెడు పొడుగుని మోస్తున్నది గుప్పెడు వెంట్రుకలే.

ఎందుకిలా అవుతుంది? జుత్తు నెలకి సుమారు అరంగుళం, ఏడాదికి ఆరంగుళాలు పెరుగుతుంది. ముప్పై ఆరు అంగుళాల జుత్తు కొస వయసు ఆరేళ్లన్నమాట. ఆరేళ్ల ఎండ, దువ్వెన, రబ్బరు బ్యాండు, తడి తువ్వాలు అన్నీ ఆ కొస మీదుగానే పోయాయి. పైగా ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఏడేళ్ల దాకా పెరిగి, రాలిపోయి, అదే కుదుట్లో కొత్తది మొదలవుతుంది. అన్నీ ఒకేసారి మొదలవ్వవు కాబట్టి అన్నీ ఒకేసారి నడుం దాటవు. అందువల్ల కిందకి పోయేకొద్దీ కొంత పల్చబడటం సహజం.

[దృశ్యం: క్లోజప్. తెల్ల కాగితం మీద జుత్తు కొసలు. వేలితో చూపిస్తూ.]

సహజమైన పల్చదనానికీ తెగిపోయిన జుత్తుకీ తేడా ఇక్కడ కనిపిస్తుంది. ఈ వెంట్రుక చూడండి, కొస సన్నగా సూదిలా ముగిసింది. ఇది ఇంకా కత్తెర తగలని కొత్త వెంట్రుక, దీన్ని పెరగనివ్వాలి. పక్కనున్నది చూడండి, కొస రెండుగా చీలింది. దానికి కాస్త పైన తెల్ల చుక్క ఉంది, రేపోమాపో తెగేది అక్కడే. చీలిన కొసని ఏ నూనే, ఏ సీరమూ మళ్లీ అతికించలేవు. రాసిన పూట నున్నగా కనిపిస్తుంది, అంతే. కత్తెరే దానికి మందు.

ఇక్కడే ఇంకో మాట. కత్తిరిస్తే గబగబా పెరుగుతుందని పెద్దవాళ్లు అంటారు. పెరుగుదల కుదురులో జరుగుతుంది, కొసలో ఏం చేసినా కుదురుకి తెలియదు. చీలికలు పైకి పాకకుండా ఆగుతాయి కాబట్టి పెరిగినదంతా నిలుస్తుంది. వాళ్లు చూసింది అదే. మంగళవారం, శుక్రవారం కత్తెర పట్టకూడదనే పట్టింపు ఇంట్లో ఉంటే పాటించండి. జుత్తుకి ఏ వారమైనా ఒకటే.

[దృశ్యం: ఒకే అమ్మాయి వీపు బొమ్మ నాలుగు సార్లు. కింది అంచు మాత్రం మారుతుంది.]

ఇప్పుడు ఆకారాల సంగతి. ముందు జడలో ఏం జరుగుతుందో తెలియాలి. కణతల దగ్గరి జుత్తు చెవుల మీదుగా మెడ వెనక్కి వచ్చాకే జడలో చేరుతుంది. ఆ దారిలోనే దాని పొడుగు కొంత ఖర్చవుతుంది. అందుకని విరబోసినప్పుడు అంచు తిన్నగా ఉన్నా, జడ వేశాక ముందువైపు వెంట్రుకలు మెడ దగ్గరి వెంట్రుకల కన్నా ముందే అయిపోతాయి. జడ కొస దానంతట అదే సన్నబడుతుంది. పక్కల్ని ఇంకా పొట్టిగా కోస్తే ఆ సన్నదనం ఇంకా పైనుంచే మొదలవుతుంది.

ఇది పట్టుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

స్ట్రెయిట్ కట్ జడ కొసని అన్నిటికన్నా లావుగా ఉంచుతుంది. జుత్తు పల్చగా ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. అంచు తిన్నగా ఉంటే ఉన్న జుత్తు ఒత్తుగా కనిపిస్తుంది. ఒత్తు జుత్తుకి ఇదే చేస్తే వీపు మీద బరువుగా, కదలిక లేకుండా పడుతుంది.

యూ కట్‌లో మధ్యన పొడుగు, పక్కలకి మెల్లగా వంపు. మన జడలకి ఎక్కువమందికి సరిపోయేది ఇది. వంపు లోతుగా అక్కర్లేదు. మధ్యకీ పక్కలకీ మూడు నాలుగు అంగుళాల తేడా ఉంటే విరబోసినప్పుడు అందంగా తెలుస్తుంది, జడ కొసా పాడవదు.

వీ కట్ ఫొటోల్లో చాలా బాగుంటుంది. పార్లర్‌లో అమ్మాయిలు ఎక్కువగా అడిగేదీ ఇదే. దారం పరీక్షలో కొస దగ్గర రెండున్నర, మూడు అంగుళాలు వచ్చినవాళ్లు చేయించుకోండి, బాగుంటుంది. ఒకటి, ఒకటిన్నర వచ్చినవాళ్లు వద్దు. అసలే పల్చగా ఉన్న కొసని ఇంకా కోసుగా చేసినట్టవుతుంది.

లేయర్స్ దగ్గర కాస్త ఆగాలి. పొడుగు జుత్తుకి లేయర్స్ అంటే భుజాల దగ్గర మొదలెట్టి మెట్లు మెట్లుగా కోసేయడం చాలా చోట్ల అలవాటు. విరబోస్తే ఊపు వస్తుంది, నిజమే. మర్నాడు జడ వేయండి. పొట్టి పాయల కొసలన్నీ జడ పక్కల్లోంచి బయటకి పొడుచుకొస్తాయి. మనది సముద్రం గాలి కూడాను. కళింగపట్నం, బారువ వైపు ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. గాల్లో తేమని జుత్తు పీల్చుకుని ఉబ్బుతుంది. పొడుగు వెంట్రుకని దాని బరువే కిందకి లాగి ఉంచుతుంది. పొట్టిగా కోసిన వెంట్రుకకి ఆ బరువు ఉండదు కాబట్టి పైకి లేస్తుంది. వానాకాలమంతా జడ చెదిరినట్టే ఉంటుంది. లేయర్స్ కావాలంటే కింది ఏడెనిమిది అంగుళాల్లోనే పెట్టించుకోండి. అవి జడ అడుగునే ఉండిపోతాయి, పైభాగం చెక్కుచెదరదు.

[దృశ్యం: నృత్యం నేర్చుకునే అమ్మాయి జడకి కుచ్చులు కడుతూ. తర్వాత పూలజడ క్లోజప్.]

విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. ఈ ఊళ్లో సంగీతం, నాట్యం నేర్చుకోవడం ఇంటింటి అలవాటు. నాట్యం చేసే అమ్మాయిలూ, మీకు లేయర్స్ అసలు వద్దు. తిరిగినప్పుడు జడ ఒక్క ముక్కలా తిరగాలి, కుచ్చులు కట్టడానికి కొసలో పట్టు ఉండాలి. స్ట్రెయిట్ గానీ, వంపు తక్కువున్న యూ గానీ చాలు.

పెళ్లి కుదిరిన అమ్మాయిలకి కూడా ఇదే మాట. పూలజడ బరువంతా మీ జడ మీదే ఉంటుంది. కొస పల్చగా ఉంటే సవరం కలిపి అల్లొచ్చు, దానికి తిప్పలేదు. పైనుంచి పొట్టి పాయలు జారుతుంటే మాత్రం పిన్నులు నిలవవు. కొత్త కట్ ప్రయోగాలు పెళ్లయ్యాక పెట్టుకోండి.

రోజంతా ముడి వేసుకుని పనిచేసేవాళ్లకి అంచు ఆకారం ఎలాగూ బయటకి కనిపించదు. ముడి జారకుండా ఉండటమే ముఖ్యం, దానికి జుత్తంతా దాదాపు ఒకే పొడుగులో ఉండాలి.

ఉంగరాల జుత్తు సంగతి వేరు. తడిసినప్పుడు సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక పైకి ముడుచుకుంటుంది. తడి మీద రెండంగుళాలు కోస్తే ఆరాక నాలుగు పోయినట్టు కనిపించొచ్చు. పూర్తిగా ఆరాకే, మామూలుగా ఎలా పడుతుందో అలా వదిలేసి కత్తిరించమనండి. ఒత్తు తగ్గిస్తామని పళ్ల కత్తెర తీస్తే వద్దనండి. ఆ పొట్టి ముక్కలు లోపల్నుంచి ఉబ్బి చిక్కు పెంచుతాయి.

అంచు ఒంటి మీద ఎక్కడ ఆగుతుందో కూడా చూసుకోవాలి. తిన్నటి అంచు సరిగ్గా తుంటి వెడల్పు దగ్గర ఆగితే తుంటి ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది. దానికి పైనో కిందో ఆపండి, లేదా యూ వంపు పెట్టించండి. పొట్టిగా ఉన్నవాళ్లకి తొడల దాకా జుత్తు ఉంటే మనిషి ఇంకా పొట్టిగా అనిపించొచ్చు. అయినా మీకు ఆ పొడుగే ఇష్టమైతే ఉంచుకోండి, నేను కాదనను. ముఖం ఆకారం గురించి పెద్దగా చెప్పను. జడ వేసుకునేవాళ్లకి ముఖం దగ్గర తేడా తెచ్చేది పాపిడి. ముందు పాయలు కావాలంటే గడ్డం కిందకి వచ్చేలా పెట్టించుకోండి, చెమట పట్టినప్పుడు చెవి వెనక్కి నెట్టుకోవచ్చు.

[దృశ్యం: పార్లర్. అమ్మాయి, వాళ్లమ్మ, పార్లర్ అక్క.]

అమ్మ: ఏటమ్మా, సగం జుత్తు తీసేస్తావేటి?
పార్లర్ అక్క: లేదమ్మా, రబ్బరు బ్యాండు కింద ఉన్నదే తీస్తాను. చూడండి.
అమ్మాయి: అక్కా, నేను నిలబడతాను. కుర్చీలో వద్దు.

ఈ మూడు మాటల్లో పనంతా ఉంది. "కొంచెం" అనే మాట మీకొకలా, కత్తెర పట్టినవాళ్లకి ఇంకోలా వినబడుతుంది. అందుకని ఇంట్లోనే, కొస నుంచి మీరు ఒప్పుకునే చోట ఒక సన్నటి రబ్బరు బ్యాండు పెట్టుకుని వెళ్లండి. కుర్చీలో కూర్చుంటే తుంటి దాటిన జుత్తు కుర్చీ మీద కుప్పపడుతుంది, అంచు తిన్నగా రాదు. నిలబడండి, తల ఎత్తి ఎదురుగా చూడండి. జుత్తంతా వెనక్కే ఉండాలి. ఒక భుజం మీదుగా ముందుకి లాక్కుని కోయిస్తే అంచు ఏటవాలుగా వస్తుంది. ఇంట్లో జడ కొస పట్టుకుని అడ్డంగా ఒక్క కోత కోసేవాళ్లకీ ఇదే ఇబ్బంది. మూడు పాయలూ వేరు వేరు దారుల్లో వచ్చాయి కాబట్టి విప్పితే అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. కత్తెర కూడా జుత్తు కోసేదే అయ్యుండాలి. మొద్దు కత్తెర కొసని నలిపి కొత్త చీలికలు తెస్తుంది.

[దృశ్యం: తెర మీద క్యాలెండరు. మూడు నెలలకో గుర్తు.]

కొస బాగా పల్చబడిపోయింది, కానీ పొడుగు పోతే ప్రాణం ఉసూరుమంటుంది అనేవాళ్లు ఒకేసారి ఎనిమిదంగుళాలు తీయించొద్దు. మూడు నెలల్లో సుమారు అంగుళంన్నర పెరుగుతుంది. మూడు నెలలకోసారి అంతే తీయించండి. పొడుగు ఉన్నచోటే ఉంటుంది, కింది పాత కొసలు మాత్రం పోతూ వస్తాయి. ఏడాదిన్నరకి ఆరు కోతలు, తొమ్మిదంగుళాల పాత కొస పోయినట్టు. పొడుగు కూడా పెరగాలనుకుంటే అంగుళం చొప్పునే తీయించండి, కొస బాగుపడటానికి ఇంకాస్త కాలం పడుతుంది.

[దృశ్యం: పార్లర్ అద్దం ముందు. కట్ అయ్యాక జడ అల్లుతూ.]

కట్ అయ్యాక విరబోసి అద్దంలో చూసుకుని డబ్బులిచ్చి వచ్చేయకండి. అక్కడే జడ వేసుకోండి. పక్కల్లోంచి ఏ పాయైనా పొడుచుకొస్తుంటే అప్పుడే చూపించండి, ఆ చోట సర్దించుకోవచ్చు. ముడి వేసుకునే అలవాటుంటే ముడి కూడా వేసి, తల అటూ ఇటూ తిప్పి చూడండి. దారం మళ్లీ కొసకి చుట్టి కొలవండి. ఆ అంకె ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు ఎంత తీయాలో అదే చెబుతుంది.