చెరువా, చేనా: 5 నిమిషాల్లో పీహెచ్‌డీ

హోస్ట్: ఆయ్, అందరికీ నమస్కారమండి. ఇవాళ రికార్డింగు మా మేడ మీద గదిలో. కింద కాలవ గట్టు మీద ధాన్యం ట్రాక్టర్లు పోతున్నాయి, చప్పుడు వినపడితే ఏమనుకోకండి. నా పక్కన ఉన్నది మా వీధి అక్క. భీమవరం దగ్గర మా ఊరే. పీహెచ్‌డీ చేస్తోంది. కిందటి నెల బెంగళూరులో ఓ ఓపెన్ సోర్స్ సదస్సులో, అంటే రాసిన ప్రోగ్రాములు అందరూ వాడుకునేలా బయటపెట్టేవాళ్ల సదస్సులో, రిసెర్చ్ స్కాలర్లకి తలా 5 నిమిషాలు ఇస్తే, అందులో మాట్లాడి వచ్చింది. అక్కా, నాలుగేళ్ల పని 5 నిమిషాల్లోనా?

అక్క: నాలుగేళ్లేంట్రా, మూడున్నర. మిగతా ఆర్నెల్లు ఫెలోషిప్పు కాయితాల చుట్టూ తిరగడానికే సరిపోయింది.

హోస్ట్: (నవ్వు) అసలు నీ పనేంటో ముందు చెప్పు. మా అమ్మ కూడా వింటుంది, ఆవిడకి అర్థమయ్యేలా.

అక్క: పిన్నికైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఉపగ్రహం పైనుంచి చూసినప్పుడు ఏది రొయ్యల చెరువు, ఏది వరిచేను అని కంప్యూటర్‌తో చెప్పించడం. ఆకివీడు వైపు వెళ్తే నీకే తెలుస్తుంది, నిన్న చేను, ఇవాళ చెరువు. ఆ లెక్క సులువుగా తేలదు.

హోస్ట్: ఫొటో చూస్తే తెలియదా?

అక్క: మబ్బు లేకపోతే తెలుస్తుంది. సార్వా నాట్లప్పుడు మన దగ్గర మబ్బు లేని రోజు ఎప్పుడు? అందుకే రాడార్. ఐరోపా వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహాలు 2014 నుంచి తిరుగుతున్నాయి. వాటి తరంగాలు మబ్బుల్లోంచి దిగిపోతాయి. డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఒక ఉపగ్రహం 12 రోజులకోసారి మళ్లీ అదే దారిన వస్తుంది. నిలకడగా ఉన్న నీళ్ల మీద పడ్డ తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది, వెనక్కి రాదు. బొమ్మలో ఆ చోటు నల్లగా పడుతుంది.

హోస్ట్: నాట్లేసిన చేలో కూడా నీళ్లే కదా.

అక్క: అదే చిక్కు. నాట్లప్పుడు చేనూ నలుపే, చెరువూ నలుపే. కానీ వరి ఎదిగేకొద్దీ చేను తెల్లబడుతుంది. చెరువు ఏడాది పొడుగునా నలుపే. పైగా దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, అప్పుడు చేలన్నీ ఎండిపోయి ఉంటాయి. ఏడాది బొమ్మలన్నీ వరసగా పేర్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే అనుకున్నా.

హోస్ట్: అనుకున్నావంటే?

అక్క: మా నాన్న చెడగొట్టాడు. వస్తున్నా అక్కడికి.

హోస్ట్: ఈలోగా ఈ 5 నిమిషాల గొడవేంటో చెప్పు. ఎవరు పెట్టారిది?

అక్క: లైట్నింగ్ టాక్ అంటారు. ఆ పేరు 2000లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన పెర్ల్ అనే కంప్యూటర్ భాష ప్రోగ్రామర్ల సమావేశంలో మొదలైంది. 5 నిమిషాలు కాగానే గంట కొట్టేస్తారు, ఎక్కడున్నా దిగిపోవాలి. విశ్వవిద్యాలయాల్లో ఇంకోటుంది, 3 నిమిషాల థీసిస్ పోటీ. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో పెట్టారు. అందులో ఒక్కటే స్లైడ్, అదీ కదలకూడదు.

హోస్ట్: నువ్వెన్ని స్లైడ్లు చేశావు?

అక్క: మొదట 19.

హోస్ట్: ఓర్నాయనో!

అక్క: మరేం చేస్తాం, మాకు అలవాటైంది అదే. ముందు ఎవరెవరు ఏం చేశారు, తర్వాత పద్ధతి, తర్వాత పట్టికలు. గడియారం పెట్టుకుని చదివితే, నా పని ఇంకా మొదలవకుండానే 4 నిమిషాలు అయిపోయాయి. ఏం తీసెయ్యాలో తెలీక, చెరువు గట్టు మీద నాన్న ముందు నిలబడి తెలుగులో చెప్పా. మేత లెక్క చూసుకుంటూ అంతా విన్నాడు. విని, "రొయ్యల పట్టుబడి అయ్యాక మనం చెరువు ఎండబెడతాం కదమ్మా, అప్పుడు నీ ఉపగ్రహం దాన్ని చేననుకోదూ?" అన్నాడు.

హోస్ట్: అబ్బా!

అక్క: పేపర్ పంపితే ఇద్దరు సమీక్షకులు చదివారు, ఇద్దరూ ఈ మాట అడగలేదు. ఆ రాత్రి తీసి చూస్తే మా చెరువే రెండు నెలలు చేనుగా పడింది. నా ప్రోగ్రాము మా ఇంటి చెరువునే గుర్తుపట్టలేదు!

హోస్ట్: మరి టాక్‌లో దాచేశావా?

అక్క: ముందు దాచేద్దామనే అనుకున్నా. పొరపాటుని వేదికెక్కి చెప్పడమేంటని. కానీ 19 స్లైడ్లలో జనానికి గుర్తుండేది ఏదని చూస్తే అదొక్కటే కనపడింది. దాంతో మొదలెట్టా. ఒక స్లైడులో మా చెరువు రాడార్ బొమ్మ, రెండోదాంట్లో నాన్న ప్రశ్న, మూడోదాంట్లో కోడ్ ఎక్కడుందో. అంతే. గంట కొట్టేసరికి ఇంకో రెండు వాక్యాలు మిగిలాయి, మింగేశా.

హోస్ట్: మిగతావాళ్లు?

అక్క: కొందరు నేను మొదట చేసినట్టే బోలెడు స్లైడ్లతో వచ్చి రెండో స్లైడ్ దగ్గరే దిగిపోయారు, పాపం. ఒకబ్బాయిది బాగా గుర్తుంది. మాటని రాతగా మార్చే ప్రోగ్రాము వాడిది. వాళ్ల కోనసీమ అమ్మమ్మ మాట్లాడింది వినిపించాడు. ఆవిడ అన్న ప్రతి "ఆయ్"నీ యంత్రం చప్పుడనుకుని తీసి పారేసిందట. హాలంతా నవ్వు. తెలుగు రానివాళ్లకి కూడా సమస్య అర్థమైపోయింది.

హోస్ట్: ఆయ్ లేకపోతే ఇంక మన దగ్గరేం మిగులుద్ది! ప్రశ్నలు గట్టిగా అడిగారా?

అక్క: వేదిక మీద టైం లేదు. టీ దగ్గర పట్టుకున్నారు. మా సెమినార్లలో అయితే "ఇందులో కొత్తేముంది" అంటారు. ఇక్కడ ఎవరూ అది అడగలేదు. ఒకాయన లాప్‌టాప్ తెరిచి నా కోడ్ నడిపేస్తున్నాడు. నేను టాక్ చెప్తుండగానే దించేసుకున్నాట్ట. నడవలేదు. ఎందుకంటే ఫైళ్ల దారి "డెస్క్‌టాప్, న్యూ ఫోల్డర్ 2" అని నా కంప్యూటర్‌దే రాసేసి ఉంది.

హోస్ట్: (నవ్వు) పరువు పోయింది.

అక్క: ఆగు, ఇంకా ఉంది. ఇంకొకావిడ, "లైసెన్స్ ఫైల్ ఏదమ్మా?" అంది. అందరికీ కనపడేలా పెడితే ఓపెన్ సోర్సే అనుకున్నా నేను. కాదట. లైసెన్స్ రాయకపోతే కాపీరైట్ పూర్తిగా మనదే, చూడ్డం తప్ప ఇంకొకళ్లు వాడుకునే హక్కు ఇచ్చినట్టు కాదు. రెండేళ్లుగా ఊరందరికీ వాకిలి తీసి చూపిస్తూ, లోపలికి మాత్రం రానివ్వలేదన్నమాట.

హోస్ట్: మరి పెట్టేశావా?

అక్క: అంత తేలికా? కోడ్ నాదా, విశ్వవిద్యాలయానిదా అనేది ముందు గైడ్‌ని అడగాలి. ఆయన భయం ఆయనది, పేపర్ రాకముందే ఎవరైనా ఎత్తుకుపోతారని. అందుకని జెనోడోలో పెడదామన్నా. ఐరోపాలో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు నడిపే భాండారం అది, 2013 నుంచి ఉంది. అక్కడ పెడితే తేదీతో పాటు శాశ్వత గుర్తింపు సంఖ్య పడుతుంది, ఎవరు ముందు చేశారో తెలుస్తుంది. అది విన్నాక ఒప్పుకున్నారు. ఎంఐటీ లైసెన్స్ పెట్టాం, అంటే మన పేరు ఉంచితే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు.

హోస్ట్: ఆ లాప్‌టాప్ ఆయన?

అక్క: న్యూ ఫోల్డర్ 2 దిద్ది పంపించాడు. కింద నాన్న ప్రశ్నని కూడా ఇష్యూగా, అంటే దిద్దాల్సిన సమస్యగా నమోదు చేశాడు, "ఎండబెట్టిన చెరువు చేనుగా పడుతోంది" అని. ఇంకా తెరిచే ఉంది. రోజూ భోజనాల దగ్గర నాన్న అడుగుతున్నాడు, "నాదేమైందమ్మా?" అని.