సెలెక్ట్ అయింది, కానీ ఆడనివ్వలేదు: జస్టిన్ బ్లేనీ కేసు

ముందే ఒక మాట చెప్పేస్తా, ఈ పిల్ల ఎవర్నీ స్పెషల్‌గా చూడమని అడగలేదు. ట్రయల్స్‌కి వెళ్లింది, మగపిల్లలతో పాటే ఆడి చూపించింది, టీమ్ వాళ్లు తీసుకున్నారు. కెనడాలో టొరంటో, 1985, జస్టిన్ బ్లేనీకి 12 ఏళ్లు, ఆట ఐస్ హాకీ. అంతా అయ్యాక ఒంటారియో (టొరంటో ఉన్న రాష్ట్రం) హాకీ అసోసియేషన్ ఒక రూల్ బయటికి తీసింది: మగపిల్లలకే రిజిస్ట్రేషన్, పో.

మరి ఆడపిల్లల లీగ్ ఉందిగా, అందులో ఆడుకోవచ్చుగా అంటారు. ఆ ఆట వేరండీ. బాడీ చెకింగ్ అని ఒకటుంటుంది, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొరకబుచ్చుకుని దూసుకొస్తున్నవాణ్ణి భుజంతోనో తుంటితోనో గట్టిగా గుద్ది పక్ లాగేసుకోవడం, ఆడపిల్లల లీగ్‌లో అది కుదరదు, ఆమెకేమో అదే కావాలి.

సరే, వివక్ష అని కంప్లైంట్ ఇద్దామా అంటే అసలు తిరకాసు అక్కడే. ఒంటారియో మానవ హక్కుల చట్టంలోనే అప్పట్లో సెక్షన్ 19(2) అని ఉండేది, ఆటల్లో ఆడా మగా తేడా చూపిస్తే తప్పు కాదని! అంటే కాపాడాల్సిన చట్టమే తలుపేసేసింది. అందుకని ఆ సెక్షన్ మీదే కేసేశారు. టైమ్ కూడా కలిసొచ్చింది, కెనడా చార్టర్‌లో (అంటే ఆ దేశ రాజ్యాంగంలోని హక్కుల పత్రంలో) సమానత్వం గురించి చెప్పే సెక్షన్ 15 అమల్లోకి వచ్చింది 1985 ఏప్రిల్ 17నే. కింది కోర్టులో ఓడిపోయింది, 1986లో అప్పీల్ కోర్టులో 2-1తో గెలిచింది, సుప్రీంకోర్టు అసోసియేషన్ అప్పీల్ వినడానికే ఒప్పుకోలేదు.

ఇక ఆడేసినట్టే అనుకుంటున్నారా? లేదు! కోర్టు కొట్టేసింది ఆ మినహాయింపుని మాత్రమే, అసోసియేషన్ గవర్నమెంట్ సంస్థ కాదు కాబట్టి చార్టర్ నేరుగా దానికి వర్తించదు, అంటే మళ్లీ మొదటికొచ్చి మానవ హక్కుల కమిషన్ దగ్గర ఇంకో కేసు నడవాలి. ఆ తీర్పు 1987 చివర్లో వచ్చింది, ఐస్ మీదకి దిగింది 1988 జనవరిలో. రెండేళ్లకు పైగా పోయింది, ఆ వయసులో ప్రాక్టీస్‌కి ఎంత విలువో ఆటలాడినవాళ్లకి తెలుసు.

నాకు విచిత్రంగా అనిపించింది ఇంకోటి: ఒంటారియో మహిళల హాకీ అసోసియేషన్ కూడా ఆమెకి అడ్డం తిరిగింది. బాగా ఆడేవాళ్లంతా అటెళ్లిపోతే మా లీగ్ ఏం కావాలి, రేపు అదే చట్టం చూపించి మగపిల్లలు మా టీముల్లోకి వస్తామంటే ఏం చేయాలి, ఇదీ వాళ్ల భయం. నిజం చెప్పాలంటే తీసిపారేసే మాట కాదు, ఎన్నో ఏళ్లు కష్టపడి నిలబెట్టుకున్న లీగ్ అది. కానీ ఆ భారం మోయాల్సింది 12 ఏళ్ల పిల్లా?

తర్వాత జస్టిన్ టొరంటో యూనివర్సిటీలో అమ్మాయిల టీమ్‌కే ఆడింది. 1993లో ఆ టీమ్‌ని ఎత్తేస్తామంటే, ఎత్తేయొద్దని ముందుండి పోరాడినవాళ్లలో ఈమే ఉంది, టీమ్ నిలబడింది.