నికొడెమస్: పద్నాలుగు మంది ఊరి లెక్క

(స్టూడియో చర్చా కార్యక్రమం నుంచి)

సంచాలకుడు: నమస్కారం. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఖాళీ అవుతున్న పల్లెల గురించి మాట్లాడుకుందాం. ఉదాహరణకు ఒకే ఊరు తీసుకున్నాం: కాన్సస్ రాష్ట్రం గ్రాహం కౌంటీలోని నికొడెమస్. 2020 జనగణనలో అక్కడ తేలింది 14 మంది. మేడమ్, ముందు ఈ ఊరు ఎలా పుట్టిందో చెప్పండి.

చరిత్ర అధ్యాపకురాలు: బానిసత్వం పోయింది కానీ కెంటకీ రాష్ట్రంలో నల్లజాతి కుటుంబాలకు సొంత భూమి దక్కలేదండి. కాన్సస్‌లోనేమో హోమ్‌స్టెడ్ చట్టం ఉంది. దరఖాస్తు రుసుము కట్టి, ఐదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలకు పట్టా వస్తుంది. 1877లో డబ్ల్యూ. ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారి, డబ్ల్యూ. హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాస్టరు కలిసి ఈ ఊరికి ప్లాను గీయించారు. సెప్టెంబర్ 5న కాన్సస్ ప్రయాణం, 5 డాలర్లు అని కెంటకీలోని లెక్సింగ్టన్‌లో కరపత్రం పంచారు. మూడు వందల మందికి పైగా బయల్దేరారు. రైలు కాన్సస్‌లోని ఎల్లిస్ అనే ఊరి వరకే. అక్కణ్నుంచి 35 మైళ్లు, అంటే దాదాపు 55 కిలోమీటర్లు నడక.

సంచాలకుడు: తీరా వచ్చేసరికి ఊరుందా?

చరిత్ర అధ్యాపకురాలు: ఇళ్లు కనబడలేదు. నేలలోంచి పొగ వస్తోంది, అంతే. ముందొచ్చినవాళ్లు నేల తవ్వుకుని ఉంటున్నారు. చెట్లు లేని చోట కలప ఎక్కడిది? గట్టు వాలును లోపలికి తవ్వుతారు. ముందు వైపు గడ్డి వేళ్లతో గట్టిపడిన మట్టిపెళ్లలు పేర్చి గోడ కడతారు. పైన కర్రలు, కంప, ఎండుగడ్డి, దాని మీద మళ్లీ మట్టిపెళ్లలు. చలికి బాగానే కాస్తుంది. వాన పడితే మాత్రం పైకప్పు నానిపోతుంది, బయట వాన ఆగాక కూడా లోపల బురద చుక్కలు పడుతూనే ఉంటాయి. పొయ్యిలోకి పొద్దుతిరుగుడు కట్టెలు, ఎండిన పేడ. ఇదంతా చూసి చాలా కుటుంబాలు వెనక్కి తిరిగాయి. మొదటి చలికాలం వేటకొచ్చిన ఓసేజ్ అనే అమెరికా మూలవాసి తెగవాళ్లు తిండి పంచకపోతే ఉన్నవాళ్లకూ కష్టమయ్యేది.

సంచాలకుడు: ఏమైనా 160 ఎకరాలంటే మన దగ్గర భూస్వామి కిందే లెక్క!

వ్యవసాయ నిపుణుడు: అక్కడ కాదండి. అది వాన తక్కువ మైదానం. గోధుమ పంటకు తేమ చాలక, ఒక ఏడాది పొలం ఖాళీగా ఉంచి ఆ తేమతో తర్వాతి పంట తీసే పద్ధతి ఆ ప్రాంతంలో స్థిరపడింది. అంటే సగం భూమి ఎప్పుడూ బీడే. పైగా మొదట్లో గుర్రాలు కొద్దిమందికే ఉన్నాయి. మిగతావాళ్లు పారతో తవ్వుకున్నారు. పారతో ఎన్ని ఎకరాలు తిరగేస్తారు?

సంచాలకుడు: అయినా ఊరు నిలదొక్కుకుందిగా?

చరిత్ర అధ్యాపకురాలు: నిలదొక్కుకుంది. హోటళ్లు, చర్చిలు, బడి, బ్యాంకు, రెండు వార్తాపత్రికలు వచ్చాయి. ఇక్కడ స్థిరపడిన ఇ. పి. మెక్‌కేబ్ 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యారు. అసలు దెబ్బ రైలు వల్ల. 1887లో మిస్సోరి పసిఫిక్ రైలు కంపెనీని రప్పించడానికి 16,000 డాలర్ల బాండ్లకు, అంటే అప్పు పత్రాలకు, ఓటేశారు. ఆ లైను రాలేదు. మరుసటి ఏడాది యూనియన్ పసిఫిక్ పట్టాలు వేసింది, కానీ సోలమన్ నదికి అవతలి ఒడ్డున. అక్కడి పనివాళ్ల మకామే బోగ్ అనే ఊరైంది. ఐదారు మైళ్ల దూరమే. వ్యాపారులు వరసగా అక్కడికి మారిపోయారు.

సంచాలకుడు: ఐదారు మైళ్లకే అంత తేడానా?

వ్యవసాయ నిపుణుడు: బుషెల్ అంటే అక్కడి ధాన్యం కొలత. బుషెల్ గోధుమలు 60 పౌన్లు, అంటే సుమారు 27 కిలోలు. 50 బుషెళ్లు బండికెత్తితే 3,000 పౌన్లు. దాన్ని స్టేషన్‌కి తోలి ఖాళీ బండితో తిరిగొస్తే రోజు గడిచిపోతుంది. రైతు ధాన్యం అమ్మిన చోటే ఉప్పూ మేకులూ కొనుక్కుంటాడు. ఇక నికొడెమస్‌లో దుకాణం ఎవరి కోసం?

సంచాలకుడు: గణాంకాల సంగతి మీరు చెప్పండి సార్. ఒక్కోచోట ఒక్కో జనాభా కనిపిస్తోంది.

గణాంక నిపుణుడు: ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. నికొడెమస్ పేరుతో ఊరూ ఉంది, టౌన్‌షిప్పూ ఉంది. టౌన్‌షిప్ అంటే ఊరితో పాటు చుట్టుపక్కల పొలాలనూ కలుపుకున్న, కౌంటీలోని ఒక విభాగం. ఒక ఏడాదికి టౌన్‌షిప్ సంఖ్య, ఇంకో ఏడాదికి ఊరి సంఖ్య పక్కపక్కన పెడితే లేని పతనం కనిపిస్తుంది. ఇంకో చిక్కు, 1890 జనగణన పత్రాలు. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలామటుకు పోయాయి. రైలు తప్పిపోయిన ప్రభావం కనబడాల్సింది సరిగ్గా ఆ ఏడాదిలోనే! అదృష్టం ఏమిటంటే కాన్సస్ సొంతంగా లెక్కలు తీసింది: 1885, 1895, అలా పదేళ్లకోసారి 1925 దాకా. 1885నీ 1895నీ పోల్చాలి. జనగణనలోని మనుషుల పేర్లు కావాలంటే 72 ఏళ్లు ఆగాలన్న నిబంధన ఉంది, అందుకే 1950 పత్రాలు 2022 ఏప్రిల్‌లో తెరిచారు.

సంచాలకుడు: ఇరవయ్యో శతాబ్దంలో?

గణాంక నిపుణుడు: 1935 నాటికి 76 మంది, 1950కి 16 మంది. 1953లో పోస్టాఫీసు మూసేశారు, 1960లో బడి.

వ్యవసాయ నిపుణుడు: మాంద్యం, దుమ్ము తుపానులు ఒక కారణం. ట్రాక్టరు ఇంకోటి. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పుతో భూమి కొలతకు గీసిన సర్వే టౌన్‌షిప్‌లో 23,040 ఎకరాలుంటాయి. కుటుంబానికి 160 చొప్పున 144 కుటుంబాలు. కమతం 1,600 ఎకరాలైతే 14 కుటుంబాలే. కరువు లేకపోయినా, రైలు వచ్చినా, ఈ భాగహారం మారదు. రైలొచ్చిన బోగ్ కూడా ఈ రోజు చిన్న పల్లెటూరే కదా.

చరిత్ర అధ్యాపకురాలు: అందుకే రైలొక్కటే ఊరిని చంపిందనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. త్వరపెట్టింది, అంతే.

సంచాలకుడు: మరి 2020 నాటి 14 నికరమైన సంఖ్యేనా?

గణాంక నిపుణుడు: దాన్ని 14 అని పట్టుబట్టకూడదు. 2020లో గోప్యత కోసం జనగణన సంస్థ అంకెల్లో కావాలనే కొంత హెచ్చుతగ్గులు కలిపింది. రాష్ట్ర మొత్తం జనాభా యథాతథం. ఊరి స్థాయికి వచ్చేసరికి కొద్దిమంది అటూ ఇటూ కావచ్చు. పెద్ద నగరంలో అది లెక్కలోకి రాదు, ఇక్కడ ఒక ఇల్లంత తేడా.

సంచాలకుడు: 1996లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. దానివల్ల జనం తిరిగొచ్చారా?

చరిత్ర అధ్యాపకురాలు: కాపురానికి కాదండి. రెండు చర్చిలు, బడి, హోటల్, టౌన్‌షిప్ హాలు, ఈ ఐదు కట్టడాలు కాపాడుతున్నారు. వారసులు మాత్రం ఏటా జూలై చివర్లో విముక్తి వేడుకకు దూరదూరాల నుంచి వస్తారు.

గణాంక నిపుణుడు: జనగణనలో అడిగేది ఏప్రిల్ 1న మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారని. జూలైలో వచ్చేవాళ్లు డెన్వర్‌లో ఉంటే డెన్వర్ లెక్కలోకే పోతారు.