పట్టా మారలేదు, కుళాయి మారింది: మన్యం మీద మా స్టూడియోలో మాటలు

మన్యానికి టూరిస్టులు పెరిగాక అక్కడివాళ్ల నీళ్లు, భూములు ఏమవుతున్నాయన్న దాని మీద పోయిన ఆదివారం విశాఖలో, ఎంవీపీ కాలనీలోని మా చిన్న స్టూడియోలో పెట్టుకున్న చర్చ ఇది. వీడియో గంటన్నర ఉంది, అంతసేపు కూర్చుని చూడలేమని చాలామంది అన్నారు కాబట్టి టైప్ చేసి పెడుతున్నాను. నమస్కారాలు, దగ్గులు, ఏసీ తగ్గించమని మాస్టారు మూడుసార్లు అడగడం తీసేశాను. మిగతాది అన్నవి అన్నట్టే. పేర్లు వద్దన్నారు, ముఖ్యంగా కాఫీ రైతమ్మ. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కూర్చున్నవాళ్లు: అనంతగిరి వైపు నుంచి వచ్చిన కాఫీ రైతు, ఏజెన్సీ భూముల కేసులు చూసే లాయర్ మేడమ్, పాడేరు డివిజన్‌లో 31 ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, అరకు దగ్గర టెంట్ల క్యాంప్ నడుపుతున్న గాజువాక మనిషి.

యాంకర్: ముందు నా సంగతి చెప్పేస్తాను. మొన్న డిసెంబర్‌లో మేమూ పాడేరు దగ్గర వంజంగి వెళ్లాం. అర్ధరాత్రి బయల్దేరి, తెల్లారకముందే కొండెక్కి, మేఘాలు చూసి, ఫొటోలు తీసుకుని, బొంగులో చికెన్ తిని మధ్యాహ్నానికి దిగిపోయాం. ఆ ఊళ్లో ఒక్క మనిషి పేరు అడగలేదు. విశాఖ 2011 లెక్కలకే 17 లక్షలు దాటింది. ఆ తర్వాత జనగణన జరగలేదు గానీ మధురవాడ, పెందుర్తి వైపు ఒకసారి తిరిగితే లెక్క అక్కర్లేదు. ఈ జనమంతా శనివారం వచ్చేసరికి ఘాట్ రోడ్డు వైపే చూస్తున్నారు. అమ్మా, మీ ఊళ్లో ఏం మారింది?

కాఫీ రైతు: ముందు నీళ్లు మారాయి బాబూ. మాకు ట్యాంకులు, మోటార్లు ఏం లేవు. కొండ మీద ఊట ఉంది, అక్కడ చిన్న సిమెంటు తొట్టి కట్టి నల్ల పైపు దించారు. కరెంటుతో పనిలేదు, నీళ్లు వాటంతట అవే పల్లానికి వస్తాయి. ఊరంతటికీ మూడు కుళాయిలు. రెండేళ్ల కిందట ఊటకి దిగువన, మా ఊరికి ఎగువన టెంట్లు వేశారు. మా పైపునే మధ్యలో కోసి టీ జాయింటు పెట్టుకున్నారు, దానికో వాల్వు. పొద్దున్న ఏడింటికి వచ్చినవాళ్లు స్నానాలకి లేస్తారు. అప్పుడు మా కుళాయి గుర్రుగుర్రుమని గాలి ఊదుతుంది. తొమ్మిదిన్నరకి మళ్లీ నీళ్లొస్తాయి, అప్పటికి మేం తోటలో ఉండాలి కదా. వంట ఎప్పుడు చేసుకోవాలి, పిల్లలు బడికి ఎలా వెళ్లాలి?

టెంట్ల ఓనర్: అమ్మా, అలా చేయడం తప్పే, నేనైతే ఎవరి పైపూ ముట్టుకోలేదు. సొంతంగా బోరు వేసుకున్నాను.

కాఫీ రైతు: బోరు వేస్తే ఊట ఆరదా బాబూ?

(అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. జవాబు మాత్రం రాలేదు.)

యాంకర్: లాయర్ గారూ, నాలాంటివాళ్లకి ఒక డౌటు. ఏజెన్సీలో బయటివాళ్లు సెంటు భూమి కూడా కొనకూడదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మరి ఇన్ని రిసార్టులు ఎక్కడి నుంచి వచ్చాయి?

లాయర్: చట్టం గట్టిదే. 1959 నుంచే భూ బదలాయింపు నిబంధన ఉంది, 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో దాన్ని బిగించారు, అందుకే అందరూ 1/70 అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే మనం ఏజెన్సీ అనే చోట, గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మకూడదు. అంతేకాదు, ఇద్దరు గిరిజనేతరులు కూడా తమలో తాము అమ్ముకోకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే ముందు అనుకుంటారు, కాదని నిరూపించుకోవాల్సింది ఆ మనిషే. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది, ప్రభుత్వం కూడా ఇక్కడ ఒక 'వ్యక్తే', గనుల కోసమని ప్రైవేటువాళ్లకి లీజుకి ఇవ్వడానికి వీల్లేదని. ఆ కేసు ఎక్కడో పుట్టలేదు, ఈవిడ మండలంలోనే, బొర్రా ఊళ్ల దగ్గర పుట్టింది. కానీ జనానికి తెలియనిది ఒకటుంది. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తాకట్టు, గిఫ్టు, ఆ భూమి మీద రాసుకునే ఒప్పందం, అన్నీ అందులోకే వస్తాయి. పట్టా మీ పేరునే ఉంటుంది లెండి, మేం ఊరికే టెంట్లు వేసుకుంటాం అంటారు చూడండి, అది కూడా చెల్లదు.

యాంకర్: అంటే సార్ టెంట్లు కూడా...

టెంట్ల ఓనర్: (నవ్వుతూ) నన్ను పిలిచింది ఇందుకేనా? సరే, నా మాట కూడా వినండి. నేను పెద్ద డబ్బున్నవాణ్ణి కాదు. స్టీలు ప్లాంటు పక్కన పుట్టాను, కాంట్రాక్టు పని పోయాక ఇటు వచ్చాను. నా దగ్గర పన్నెండు మంది కుర్రాళ్లు పనిచేస్తున్నారు, పన్నెండు మందీ అక్కడివాళ్లే. అంతకుముందు వాళ్లలో సగం మంది చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కట్టడం పనుల్లో ఉండేవాళ్లు. రాజ్‌మా, మిరియాలు, తేనె అన్నీ నా గెస్టులు ఊళ్లోనే కొంటారు. వలిసె పూలు పూసే రోజుల్లో చేలోకి దిగి ఫొటో తీసుకుంటే మనిషికింత అని రైతే వసూలు చేస్తున్నాడు, అది ఎవరు నేర్పారు? మేం రాకముందు ఆ పూలని ఎవరూ చూసేవాళ్లు కాదు. రోడ్డు ఎవరి కోసం పడింది, సెల్ టవర్ ఎవరి కోసం వచ్చింది, నిజం చెప్పండి.

మాస్టారు: అదే కదా బాధ నాయనా, మీ కోసమే వచ్చింది. నేను పనిచేసిన ఊరికి రోడ్డు కావాలని ఎన్నేళ్లు అర్జీలు పెట్టామో. నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకుంటూ కొండ దిగిన రోజులు నా కళ్లతో చూశాను, ఆ డోలీలు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వ్యూ పాయింట్ ఉన్న వైపు మాత్రం తారు పడింది.

ఇంకో సంగతి. మా అబ్బాయి అమెరికాలో డెన్వర్‌లో ఉంటాడు. వాడి దగ్గరకి వెళ్లినప్పుడు ఆస్పెన్ అనే కొండ ఊరు చూపించాడు. ఒకప్పుడు వెండి గనుల ఊరు. గనులు మూతపడ్డాక డీలా పడిపోయి, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మంచు మీద జారే ఆట కోసం మళ్లీ లేచింది. ఇప్పుడు అక్కడ ఇల్లు కొనాలంటే కోటీశ్వరులే కొనాలి. మరి హోటల్లో పక్కలు వేసే మనిషి, బస్సు డ్రైవరు, బడి పంతులు ఎక్కడ ఉంటారని అడిగాను. 60, 70 కిలోమీటర్లు దిగువన ఉన్న ఊళ్ల నుంచి మంచులో రోజూ వచ్చిపోతారట. చివరికి ఊరివాళ్లే పనివాళ్ల కోసం విడిగా ఇళ్లు కట్టించి, ఇవి బయట రేటుకి అమ్మడానికి వీల్లేదని షరతు పెట్టుకోవాల్సి వచ్చింది. నేను పంతుల్ని కదా, నాకు ముందు పంతులే గుర్తొచ్చాడు. ఇప్పుడు అరకులో కొత్తగా పోస్టింగ్ వచ్చిన టీచర్ని అడగండి, గది దొరుకుతుందేమో. ఉన్న గదులన్నీ రోజు అద్దెకి పోతున్నాయి, నెల అద్దెకి ఎవడిస్తాడు?

యాంకర్: కానీ మాస్టారూ, అక్కడ భూమి కొనుక్కోవచ్చు, ఇక్కడ కొనకూడదు. తేడా ఉండాలి కదా.

మాస్టారు: తేడా ఉంది. అక్కడివాడు ఇల్లు అమ్ముకుని డబ్బు జేబులో వేసుకుని కిందకి దిగిపోయాడు. ఇక్కడివాడు అమ్మలేదు, దిగలేదు, తన భూమిలోనే రాత్రి కాపలాకి నిలబడ్డాడు.

లాయర్: నేను ఆ మాటకి పూర్తిగా ఒప్పుకోను మాస్టారూ. చట్టం లేకపోతే ఆ కాపలా ఉద్యోగం కూడా వేరేవాడిదే అయ్యేది. హిమాచల్‌లో 1972 చట్టంలో 118వ సెక్షన్ ఉంది, అక్కడ వ్యవసాయదారుడు కానివాడు అనుమతి లేకుండా భూమి కొనలేడు. ఉత్తరాఖండ్‌లో 2018లో సడలించారు, తర్వాత జనం రోడ్డెక్కితే 2025లో మళ్లీ బిగించాల్సి వచ్చింది. మన దగ్గర 2025 ఫిబ్రవరిలో ఏం జరిగింది? టూరిజం కోసం 1/70 ని మార్చాలన్న మాట ఒకటి బయటికొచ్చేసరికి మన్యం మొత్తం బంద్ అయింది, మార్చబోమని ప్రభుత్వం చెప్పేదాకా ఊరుకోలేదు. జనానికి ఆ చట్టం విలువ తెలుసు. అమలు చేసేవాళ్లకే...

టెంట్ల ఓనర్: మరి వచ్చే జనాన్ని ఏం చేద్దాం మేడమ్? గోడ కట్టేద్దామా?

లాయర్: గోడ ఎందుకు? నీలగిరులకి, కొడైకెనాల్‌కి 2024 మే నుంచి ఈ-పాస్ ఉంటేనే బండి ఎక్కుతోంది, మద్రాస్ హైకోర్టు పెట్టించింది. 2025 వేసవికి రోజుకి ఇన్ని బండ్లే అని లెక్క కూడా కట్టారు. లంబసింగిలో జనవరి ఆదివారం తెల్లవారుజామున బండ్లు ఎక్కడిదాకా ఆగుతాయో మీకు నాకంటే బాగా తెలుసు.

(ఈ పాయింట్ మీద ఇంకో పది నిమిషాలు నడిచింది, పార్కింగ్ గొడవ, ప్లాస్టిక్ సీసాలు. మీరు ఇవన్నీ వినే ఉంటారు, వదిలేస్తున్నా. నాకు కొత్తగా తెలిసింది దీని తర్వాత వచ్చింది.)

యాంకర్: అమ్మా, కాఫీ సంగతి చెప్పండి. అరకు కాఫీకి 2019లో జీఐ, అంటే ఆ ప్రాంతం పేరు మీద ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది, పేరుంది, రేటు కూడా వస్తోందంటున్నారు. టూరిస్టులొస్తే మీకు ఇంకా మంచిదే కదా?

కాఫీ రైతు: మాకు పండు ఎప్పుడు వస్తుందో తెలుసా బాబూ? నవంబర్‌లో మొదలై జనవరి, ఫిబ్రవరి దాకా. మీరు చలి చూడ్డానికి ఎప్పుడొస్తారు? ఆ నెలల్లోనే. కాఫీ పండు అన్నీ ఒకేసారి పండదు, ఎర్రగా పండినవి చూసి ఒక్కొక్కటీ ఏరాలి, పది పదిహేను రోజులకి మళ్లీ అదే చెట్టు దగ్గరకి రావాలి. కుర్రాళ్లంతా టెంట్ల దగ్గరకి పోతారు, అక్కడ మంట వేస్తే టిప్పు, పాట పెడితే టిప్పు. తోటలో నేను, మా అత్త, ఇంకో ఇద్దరు ముసలాళ్లు మిగిలాం. పోయినేడు నాలుగో కోతకి మనుషులు దొరక్క పండు చెట్టు మీదే నల్లబడి రాలిపోయింది.

లాయర్: ఆ రాలిన పండుతో ఇంకో ప్రమాదం ఉంది. 2025లో అరకు వైపు తోటల్లో కాయ తొలిచే పురుగు కనపడింది కదా. చెట్టు మీద మిగిలిపోయిన కాయ, కింద రాలిన కాయ, అదే దాని ఇల్లు. ఆఖరి కాయ దాకా ఏరెయ్యమని అధికారులు చెబుతున్నది అందుకే. ఏరడానికి మనుషులేరీ?

టెంట్ల ఓనర్: (కాసేపాగి) ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నిజంగా. కోత రోజుల్లో కుర్రాళ్లకి మధ్యాహ్నం దాకా సెలవివ్వచ్చు. గెస్టులు ఎలాగూ పదకొండింటికి ఖాళీ చేస్తారు.

కాఫీ రైతు: ఇస్తే మంచిదే. వాళ్లు వస్తారో రారో. ఫోన్‌పేలో టిప్పు పడ్డ చెయ్యి, మళ్లీ బుట్ట పడుతుందా?

(ఇక్కడ ఆవిడ చేసంచిలోంచి ప్లాస్టిక్ కవర్ తీశారు. రికార్డింగ్ మొదలవ్వకముందు ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. లోపల మడతలు పడ్డ వంద రూపాయల స్టాంపు పేపరు, దానికి పిన్ను కొట్టిన మూడు కాగితాలు. మొత్తం ఇంగ్లీషులో ఉంది. కింద వేలిముద్ర.)

కాఫీ రైతు: ఇది మా మరిది రాసిచ్చింది. ఊట దగ్గర టెంట్లు ఆ భూమిలోనే. ఇందులో ఏముందో మాకు ఎవరూ చదివి చెప్పలేదు. చదవండమ్మా.

లాయర్: (చదువుతూ) ఎకరం పది సెంట్లు... పదకొండేళ్లు. ఏడాదికి ముప్పై వేలు, రెండేళ్లది ముందే ఇచ్చారు. కట్టిన కట్టడాలన్నీ రెండో పార్టీవి. ఆ స్థలంలో ఉన్న, దాని గుండా పోయే నీటిని వాడుకునే హక్కు... ఇదిగో, మీ పైపు ఇక్కడుంది. సాయంత్రం ఆరు తర్వాత ఆ దారిలో పశువుల్ని తోలకూడదు. అమ్మా, ఆ దారి ఎవరిది?

కాఫీ రైతు: దారి దారిదే. మా తాతల నుంచీ మేకలు ఆ దారినే వస్తాయి.

టెంట్ల ఓనర్: ఒకసారి ఇలా ఇవ్వండి. (చూసి) పశువుల మాట ఒక్కటి తప్ప... మిగతాదంతా మా కాగితంలో ఉన్నట్టే ఉంది. అందరికీ ఒకడే రాసిపెడతాడు.

లాయర్: అయితే మీదీ చెల్లదు, ఇదీ చెల్లదు. ఊరందరిదైన నీటిని మీ మరిది ఒక్కడే రాసివ్వలేడమ్మా. ఏజెన్సీ పంచాయతీలకి, గ్రామసభలకి అధికారాలిచ్చే పెసా చట్టం 1996 నుంచి ఉంది, చిన్న చిన్న నీటి వనరుల్ని చూసుకునే అధికారం పంచాయతీకి ఉంది, గ్రామసభ కూర్చుని అడగొచ్చు. భూమి సంగతికి స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర అర్జీ పెడితే ఒప్పందం రద్దయి భూమి మీ మరిదికే తిరిగి రావాలి. కాగితం నేను రాస్తాను, ఫీజు వద్దు.

కాఫీ రైతు: ఆ అరవై వేలు?

లాయర్: అంటే?

కాఫీ రైతు: మా మరిది కూతురు నర్సింగు చదువుతోంది, మీ విశాఖలోనే. ఆ డబ్బు మొదటి ఏడాది ఫీజుకి, హాస్టల్‌కి కట్టేశాడు. కేసు వేస్తే వాళ్లు డబ్బు అడగరా? పిల్ల రెండో ఏడు ఎవరు కడతారు?

(ఎవరూ మాట్లాడలేదు. వీడియోలో ఈ చోట ఏదో కట్ అయిందని కొందరు మెసేజ్ పెట్టారు, కట్ ఏం లేదు, అంతసేపు ఊరుకున్నాం అంతే.)

మాస్టారు: మరి నీకేం కావాలమ్మా, ఇంత దూరం వచ్చావు?

కాఫీ రైతు: కేసు తర్వాత చూద్దాం. ఆ వాల్వు పొద్దున్న ఆరింటి నుంచి తొమ్మిది దాకా మా వైపు తిప్పాలి. వాళ్ల స్నానాలు తర్వాత చేసుకోనీ. వాళ్లకి తోట పని లేదుగా.

టెంట్ల ఓనర్: అది నేను మాట్లాడతానమ్మా. ఆయన నాకు తెలుసు.

యాంకర్: తెలుసా?

టెంట్ల ఓనర్: అక్కడ టెంట్లున్నవాళ్లం అందరం ఒకే గ్రూపులో ఉంటాం సార్.

(టైమ్ అయిపోయింది, కాఫీ రైతమ్మకి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఉంది. లాయర్ మేడమ్ ఆ కాగితం ఫొటో తీసుకుంటానంటే ముందు వద్దన్నారు, తర్వాత వేలిముద్ర ఉన్న పేజీ తప్ప మిగతావి తీసుకోమన్నారు. మళ్లీ అన్నీ సర్ది, పాత మడతల్లోనే మడిచి, కవర్‌లో పెట్టుకున్నారు. మరిదికి తెలియకుండా బీరువాలోంచి తెచ్చారట, రాత్రికి అక్కడే పెట్టెయ్యాలి.)