పేరులోంచి జారిపోయిన మాట

(హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో ఎన్‌సీసీ, అంటే విద్యార్థులకు సైనిక తరహా శిక్షణనిచ్చే నేషనల్ క్యాడెట్ కోర్, దినోత్సవం నాడు చేసిన ప్రసంగం)

జై హింద్. కూర్చోండి, కూర్చోండి. పొద్దున్నుంచి గ్రౌండ్‌లో నిలబడ్డ కాళ్లు మీవి, నా ముందు కూడా సావధాన్ అక్కర్లేదు. విశ్రామ్.

నవంబరు నాలుగో ఆదివారం వచ్చిందంటే నాకు గంజి వాసన గుర్తొస్తుంది. మాది పరకాల దగ్గర ఊరు. పరేడ్ ముందు రోజు రాత్రి మా అవ్వ అన్నం వార్చిన గంజిని పల్చటి బట్టలో వడగట్టి పక్కన పెట్టేది. ఒక్క మెతుకు నలిగి పడ్డా ఖాకీ మీద తెల్లగా ఎండుతుంది, డ్రిల్లు నేర్పే ఉస్తాద్ చూపు ముందు అక్కడే పడుతుంది. బూట్లు నా పని. ముక్కు మీద పాలిష్ రాసి, తడి దూదితో చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ పోవాలి. మొదట మసకగానే ఉంటుంది. ఇంక లాభం లేదనుకున్నాక ఎప్పుడో మెరుస్తుంది. ఆ తర్వాత బెల్టు బకిల్‌కు బ్రాసో. పడుకునేసరికి పదకొండు, తెల్లారకముందే మొదటి బస్సు. బాపు టార్చిలైటు పట్టుకొని స్టేజీ దాకా వచ్చేవాడు.

పక్కింటి పెద్దమ్మకు ఒకటే దిగులు. "ఆడపిల్లకు ఈ ఖాకీ ఏందే? రేపు లడాయొస్తే మిలిటరోళ్లు పట్టుకపోతరట గదా!" ఇప్పటికీ మీ ఇళ్లల్లో ఈ మాట నడుస్తూనే ఉంటుంది. ఎవరూ పట్టుకపోరు. ఎన్‌సీసీలో చేరినంత మాత్రాన సైన్యంలో పనిచేయాల్సిన బాధ్యత ఏదీ ఉండదు, 1948 నాటి చట్టంలోనే ఆ సంగతి రాసి ఉంది. ఇంటికెళ్లి చెప్పండి.

డ్రిల్లు సంగతి మీకు చెప్పేదేముంది. నాకు హిందీ అంతంతమాత్రం. మొదటి వారం "దహినే ముడ్" అనగానే ధైర్యంగా ఎడమకు తిరిగాను. పక్కమ్మాయి ముక్కూ నా ముక్కూ ఎదురెదురు. ఉస్తాద్ తిట్టలేదు, నవ్వాపుకొని గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టించాడు. కుడి ఏదో, ఎడమ ఏదో కాళ్లకు ఆ రోజే తెలిసింది.

ఫైరింగ్ గురించి మాత్రం కొంచెం చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన పాఠం అదే. క్యాంపులో పాయింట్ 22 రైఫిల్, 25 మీటర్ల దూరం, నేల మీద బోర్లా పడుకొని ఐదు రౌండ్లు. నా ఐదింటిలో ఒకటి పక్కవాళ్ల టార్గెట్‌లో పడింది. మిగతా నాలుగు ఒక మూలకు, నడిమి నల్లచుక్కకు ఆమడ దూరంలో. ఏడుపుమొహం పెట్టాను. ఉస్తాద్ ఆ కాగితం తీసి నాలుగు చిల్లుల మీద బొటనవేలు పెట్టాడు. నాలుగూ వేలు కిందికి పోయాయి. "గ్రూపింగ్ అచ్ఛా హై" అన్నాడు. గుండ్లన్నీ ఒకే చోట పడుతున్నాయంటే ఊపిరి, భుజం, వేలు కుదిరినట్టే. నల్లచుక్కకు దూరంగా పడటం రైఫిల్ మీది గురిచూసే సైటు తప్పు, దాన్ని సరిచేయొచ్చు. చెల్లాచెదురుగా పడితే సరిచేయడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఎన్‌సీసీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1917లో తెల్లదొరలు యూనివర్సిటీ విద్యార్థులతో ఒక దళం పెట్టారు. 1920లో దానికి యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, ఆఫీసర్లు చాలక, 1942లో దాన్నే యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్ చేశారు. అనుకున్నంత ఫలితం రాలేదు. తర్వాత హృదయనాథ్ కుంజ్రూ కమిటీ కూర్చుంది, స్వతంత్రం వచ్చింది, 1948లో ఎన్‌సీసీ పుట్టింది. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీల్లో తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ ఇష్టమున్నవాళ్లకే అన్నారు. చరిత్ర ఇంతటితో చాలు.

నేను చూసేది ఒక్క మాట. 1942 పేరులో 'ఆఫీసర్స్' ఉంది, 1948 పేరులో లేదు. పేరులో పోతే పోయింది, మన తలల్లోంచి కూడా పోయింది. ఎన్‌సీసీ చివర్లో పరీక్ష రాసి తెచ్చుకునే సీ సర్టిఫికెట్ ఎందుకని మనకాడ ఏ క్యాడెట్‌ను అడిగినా "కానిస్టేబుల్‌ల కోటా ఉంది మేడం" అంటారు. కానిస్టేబుల్ ఉద్యోగం తక్కువదని నేననడం లేదు, మా తమ్ముడు అదే చేస్తున్నాడు. కానీ అదే కాగితంతో ఇంకో తలుపు తెరుచుకుంటుందని నాకు కాలేజీలో మూడేళ్లూ ఒక్కరు చెప్పలేదు.

ఆ తలుపు పేరు ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ, సైన్యంలో ఆఫీసర్‌గా చేరే దారి. ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ లాంటి రాత పరీక్ష లేదు. డిగ్రీలో 50 శాతం మార్కులు, సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడ్, పెళ్లి కాకుండా ఉండటం, 19 నుంచి 25 లోపు వయసు. దరఖాస్తులు వడపోసి నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు ముందుకు, పిలుస్తారు. నెగ్గి, మెడికల్ దాటి, మెరిట్‌లో నిలిస్తే చెన్నైలో ఓటీఏ, అంటే ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ. అక్కడ 49 వారాల శిక్షణ, బయటికొచ్చేటప్పుడు భుజం మీద లెఫ్టినెంట్ స్టార్లు. అమ్మాయిలకు 1992 నుంచి ఓటీఏ తలుపు తెరిచే ఉంది. ఈ ఎంట్రీలో మనకు సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే, అది నాకు కోపమే.

నాకు ఇది ఫైనలియర్ అయిపోయాక, నోటిఫికేషన్ చివరి వారంలో, వేరే కాలేజీ సీనియర్ ద్వారా తెలిసింది. ఎస్‌ఎస్‌బీకి పిలుపొస్తే కాజీపేటలో రైలెక్కాను. బల్లార్షా, నాగ్‌పూర్, ఇటార్సీ, భోపాల్. పోగానే పేరు పోతుంది, చెస్ట్ నంబరొస్తుంది. మొదటి రోజు స్క్రీనింగ్. మసక బొమ్మ ఒకటి 30 సెకన్లు చూపిస్తారు, దాని మీద 4 నిమిషాల్లో కథ రాయాలి. తర్వాత గుంపుగా కూర్చొని ఎవరి కథ వాళ్లు చెప్పి, అందరూ కలిసి ఒక కథకు రావాలి. కథ నేను బాగానే రాశాను. చర్చ మొదలైంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వేలం కూడా అంత గోలగా ఉండదు. తప్పు ఇంగ్లీషు వస్తుందేమోనని నోరు నొక్కుకొని కూర్చున్నాను. సాయంత్రానికి సామాను సర్దుకోమన్నారు.

తిరుగు రైల్లో నాకు మంటెక్కడ పుట్టిందంటే, ఎనుమాములలో నేను అట్లా కూర్చున్న రోజు లేదు. బాపు బస్తాలు దించితే అడ్తి దగ్గర మాట్లాడేది నేనే. "తాలు ఎక్కువున్నది" అని ధర తగ్గించబోతే, బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ తీసి చూపించేదాన్ని. ఎదుటివాణ్ని వినడం, నా మాట నిలబెట్టుకోవడం, ఇద్దరం ఒక ధరకు రావడం. భోపాల్‌లో అడిగింది అచ్చంగా అదే. పని నాకు వచ్చు, అక్కడ నేనే దాన్ని గుర్తుపట్టలేదు.

రెండోసారి పోయినప్పుడు నోరు తెరిచాను. వచ్చీరాని ఇంగ్లీషే. ఎవరూ నవ్వలేదు. ఐదు రోజులూ ఉన్నాను. సైకాలజీ పరీక్షలో 60 పదాలు, ఒక్కోదానికి 15 సెకన్లు. గ్రౌండ్‌లో దుంగలు, తాళ్లు, ఇంటర్వ్యూ, చివరికి కాన్ఫరెన్స్. సెలెక్ట్ అయినవాళ్ల చెస్ట్ నంబర్లు చదివారు, నాది లేదు. వయసు దాటింది. పీజీ చేసి లెక్చరర్‌నయ్యాను. ఓడిపోయినావిడ మనకేం చెప్తుందని వెనక వరసలో ఎవరో అనుకుంటున్నారు, అనుకోండి. దారిలో గుంతలెక్కడున్నాయో పడ్డవాళ్లకే తెలుసు.

నోటిఫికేషన్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఫైనలియర్‌లో ఉన్నవాళ్లూ పెట్టుకోవచ్చు. సర్టిఫికెట్ బీరువాలో పెట్టి తాళం వేయకండి.

వచ్చే ఆదివారం ఆరింటికి ఇదే గ్రౌండ్‌లో, ఆ చింతచెట్టు కింద కూర్చుందాం. మసక బొమ్మ నేను తెస్తాను. పెన్ను, కాగితం మీరు తెచ్చుకోండి. మొదటి రోజు తెలుగులోనే వాదించుకుందాం, గొంతులు లేవాలి ముందు. జై హింద్.