కొట్టం కడిగిన నీళ్లకు పాచి పనికొస్తుందా? (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం. నీటి శుద్ధి మీద పనిచేసే వృక్షశాస్త్ర అధ్యాపకురాలు ఈరోజు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ అనంతపురం జిల్లా కూడేరు నుంచి. చెప్పండన్నా.

శ్రోత: నమస్తే మేడం. మాకు పన్నెండు ఎనుములున్నాయి. కొట్టం కడిగిన నీళ్లన్నీ పక్క కుంటలోకే పోతాయి. పాచి పెంచితే నీళ్లు బాగుపడతాయని మావాడు ఫోన్లో చూపించినాడు. కుంట ఇప్పటికే పచ్చగుంది. మరి వాసన యాల పోలేదు?

అధ్యాపకురాలు: పాచి తన పని చేసిందన్నా, మన పనే మిగిలిపోయింది. పేడనీళ్లలోని నత్రజని, భాస్వరం పాచికి తిండి. ఎండలో అది ప్రాణవాయువు వదులుతుంది, దాన్ని పీల్చి బ్యాక్టీరియా మురికిని తినేస్తుంది. బ్యాక్టీరియా వదిలే బొగ్గుపులుసు వాయువు మళ్లీ పాచికే. కానీ ఆ పాచిని నీళ్లలోనే వదిలేస్తే చచ్చి అడుగున కుళ్లుతుంది, తిన్నదంతా కుంటకే తిరిగిస్తుంది. రాత్రయితే ప్రాణవాయువునూ అదే వాడేసుకుంటుంది. పచ్చటి చెరువుల్లో చేపలు తెల్లారుజామున చచ్చి తేలేది అందుకే. పాచిని బయటికి తీస్తేనే మురికి బయటికి పోయినట్టు.

శ్రోత: గుడ్డతో వడగడితే?

అధ్యాపకురాలు: నీళ్లను పచ్చగా చేసే పాచి వెంట్రుక కంటే చాలా సన్నం, గుడ్డలో నిలవదు. మీకు కావాల్సింది తొట్టి అంచున దారాల్లా వేలాడుతుందే, ఆ పాచి. 1980ల్లో స్మిత్సోనియన్ అనే అమెరికా పరిశోధన సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ దీంతో ఒక పద్ధతి తయారుచేశారు. కొంచెం వాలుగా ప్లాస్టిక్ షీటు పరిచి, పైన వల బిగించి, మీదుగా నీళ్లు పలచగా పారిస్తారు. వలకు పాచి పడుతుంది. వారానికోసారి గీకి ఎండబెట్టుకోవడమే. అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పేడనీళ్ల మీదే ఇట్లా పెంచి, ఎండిన పాచిని మొక్కజొన్న, దోస నారుకు ఎరువుగా వాడి చూశారు. నాకు ఈ పద్ధతి మీద చాలా నమ్మకం. మన దగ్గర ఎండకు కరువు లేదు. అయితే ఎండాకాలం నీళ్లు ఆవిరై చిక్కబడతాయి, చూసుకుంటూ మంచినీళ్లు కలపాలి.

శ్రోత: అంతవరకు ఎనుములు ఆ కుంట నీళ్లు తాగొచ్చునా?

అధ్యాపకురాలు: అటు తోలొద్దన్నా. నీళ్ల మీద పచ్చ పెయింటు పోసినట్టు తెట్టె కట్టిందంటే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. దాంట్లో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉండొచ్చు, నీళ్లు కాచినా అది పోదు...

యాంకర్: లైన్ కట్టయింది. తాడిపత్రి నుంచి ఒక అక్క.

శ్రోత: మా బోరులో ఫ్లోరైడ్ ఎక్కువంట. పాచి వేస్తే పోతుందా మేడం?

అధ్యాపకురాలు: పోదమ్మా, దాన్ని నమ్ముకోవద్దు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికీ వద్దు, వంటకూ వద్దు. కాచితే ఇంకా చిక్కబడుతుంది. బట్టలకు, గిన్నెలకు వాడుకోండి. పిల్లలకు మాత్రం ఈరోజు నుంచే వేరే నీళ్లు తెచ్చుకోండమ్మా.

యాంకర్: కూడేరు అన్న మళ్లీ దొరికినారు.

శ్రోత: మేడం, కడుగునీళ్లలో ఎంత మంచినీళ్లు కలపాల?

అధ్యాపకురాలు: ఒక్కో కొట్టానికి ఒక్కో లెక్క. ముందు ఆ నీళ్లను గుంతలో ఒకరోజు కదపకుండా ఉంచండి, పేడ అడుక్కి దిగుతుంది. పైన తేరినవాటిని నాలుగు గాజుసీసాల్లో పోయండి. ఒకదాంట్లో ఉన్నవి ఉన్నట్టు, ఒకదాంట్లో సగం మంచినీళ్లు, ఒకదాంట్లో ముప్పాతిక, చివరిదాంట్లో పదికి తొమ్మిది పాళ్లు. చిటికెడు దారప్పాచి వేసి, మూత బిగించకుండా, పొద్దుటి ఎండ తగిలేచోట వారం పెట్టండి. నల్లటి నీళ్లలోకి వెలుతురు దిగదు, అమ్మోనియా ఎక్కువైనా పాచి చస్తుంది. ఏ సీసాలో పాచి పెరిగి వాసన తగ్గిందో ఆ పాళ్లే షీటు మీదికి వదలండి.

శ్రోత: సీసాలు ఇంట్లోనే ఉన్నాయి మేడం. రేపు పాలు పిండినాక పెడతాను.