గంజాయి ఎక్స్‌ట్రాక్షన్ యూనిట్‌కి సొంత టెస్టింగ్ ల్యాబ్: డబ్బు గిట్టుతుందా?

నమస్కారం అండి. ఇవాళ రివ్యూ ఒక్క మెషీన్ మీద కాదు, ఒక కొనుగోలు నిర్ణయం మీద. కాలిఫోర్నియాలో లైసెన్సుతో ఎక్స్‌ట్రాక్షన్ (గంజాయి నుంచి సారం తీసే పని) నడిపే యూనిట్ టెస్టింగ్ పరికరాలు సొంతంగా కొనాలా, శాంపిల్స్ బయటి ల్యాబుకి పంపుకోవాలా? ముందే ఒక మాట. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం ఉంది కాబట్టి ఇందులో ఏదీ ఇక్కడ చేసి చూడాల్సింది కాదు. అయితే జీడిమెట్ల ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలని విడదీసి కొలిచే మెషీన్) నడిపినవాళ్లకి సగం సంగతులు తెలిసినవే.

మొదట ఒక అపోహ తీసేద్దాం. సొంత మెషీన్ కొన్నంత మాత్రాన ల్యాబ్ బిల్లు ఆగదు. అమ్మకానికి వెళ్లే ప్రతి బ్యాచ్‌కీ లైసెన్సు ఉన్న స్వతంత్ర ల్యాబే సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ ల్యాబుకి ఐఎస్ఓ 17025 (టెస్టింగ్ ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉండాలి. మీ యూనిట్లో తీసిన రిపోర్టు మీ ఫైలుకే. ఆదా అయ్యేది తయారీ మధ్యలో తీసే శాంపిల్స్ ఖర్చు మాత్రమే.

ఆ లెక్క వేద్దాం. అంకెలన్నీ ఉదాహరణకే, మీ కొటేషన్లు మీరు పెట్టుకోండి. బయట పొటెన్సీ టెస్టు (మత్తునిచ్చే టీహెచ్‌సీ లాంటివి ఎంత శాతం ఉన్నాయో చూసేది) 60 డాలర్లు, వారానికి 15 శాంపిల్స్ అనుకుంటే ఏడాదికి 46,800. సొంతంగా అయితే 50,000 డాలర్ల హెచ్‌పీఎల్‌సీని ఐదేళ్లకి పంచితే ఏడాదికి 10,000. సర్వీస్ కాంట్రాక్టు 5,000. కాలమ్స్ (పదార్థాలని విడదీసే గొట్టాలు), స్టాండర్డ్స్ (పోల్చడానికి వాడే, గాఢత ముందే తెలిసిన ద్రావణాలు), సాల్వెంట్లు, వయల్స్ కలిపి 6,000. వ్యర్థ సాల్వెంట్ తీసుకెళ్లేవాళ్లకి 1,500. కెమిస్టు రోజుకి సగం పూటే పనిచేస్తే ఏడాది జీతం 30,000. మొత్తం 52,500. అంటే నష్టం! అదే వారానికి 40 శాంపిల్స్ అయితే, కెమిస్టుకి పూర్తి జీతం, కన్స్యూమబుల్స్‌కి 14,000, వ్యర్థాలకి 3,000 వేసుకున్నా 92,000 దగ్గర ఆగుతుంది. ఒక్కో శాంపిల్ 44 డాలర్లకి వచ్చేస్తుంది. సేల్స్‌వాళ్ల బ్రోచర్లో మెషీన్ ధర ఉంటుంది, కెమిస్టు జీతం ఉండదు. అన్నిట్లోకీ పెద్ద ఖర్చు అదే.

మరి 15 శాంపిల్స్ వాళ్లు కొనకూడదా? కొనొచ్చు, కానీ ల్యాబ్ ఫీజు మిగుల్చుకోవడానికి కాదు, గంటలో జవాబు రావడానికి. డీకార్బ్ (వేడి చేసి టీహెచ్‌సీఏని టీహెచ్‌సీగా మార్చడం) చేసేటప్పుడు చాలామంది బుడగలు ఆగాయా లేదా అని చూస్తారు. టీహెచ్‌సీఏ ఎంత మిగిలిందో, సీబీఎన్ (టీహెచ్‌సీ పాడైతే వచ్చేది) పెరుగుతోందో లేదో బుడగలు చెప్పవు. బయటి రిపోర్టు నాలుగు రోజులకి వస్తే ఆ బ్యాచ్ అప్పటికే డిస్టిలేషన్ (ఆవిరి చేసి శుద్ధి చేసే దశ) దాటిపోయి ఉంటుంది.

ఇంకో ఉపయోగం, నా లెక్కలో అసలైనది, సరుకు ఎక్కడ పోతోందో పట్టుకోవడం. 10 కిలోల బయోమాస్ (ఎండు గంజాయి), 15 శాతం మొత్తం టీహెచ్‌సీ, అంటే 1,500 గ్రాములు లోపలికి వెళ్లాయి. 1.9 కిలోల క్రూడ్ (శుద్ధి చేయని సారం) 68 శాతంతో వస్తే 1,292 గ్రాములు. పిప్పి 8 కిలోలు, అందులో 1.5 శాతం మిగిలితే 120. ఇంకా 88 గ్రాముల ఆచూకీ లేదు. ఫిల్టర్లలోనో, రికవరీ చేసిన ఇథనాల్‌లోనో వెతకాలి. పిప్పిని డబ్బిచ్చి టెస్టు చేయించేవాళ్లు అరుదు. మెషీన్ పక్కనే ఉంటే చేస్తారు. ఈ లెక్కలో ముందూ వెనకా అంతా మొత్తం టీహెచ్‌సీ లోనే ఉండాలి: టీహెచ్‌సీఏని 0.877తో గుణించి టీహెచ్‌సీకి కలపాలి. వేడికి కార్బన్ డయాక్సైడ్ పోయి అణుభారం 358 నుంచి 314కి తగ్గుతుంది, ఆ 0.877 అక్కడిదే.

ఇక పరికరాలు. చేతిలో పట్టే ఎన్ఐఆర్ (పరారుణ కాంతితో పనిచేసే) మీటర్లు కొలవవు, ముందే ఎక్కించిన మోడల్ బట్టి అంచనా వేస్తాయి. మోడల్ పువ్వు మీద తయారైతే పువ్వుకి పర్వాలేదు, క్రూడ్‌కీ డిస్టిలేట్‌కీ నమ్మొద్దు. టీఎల్‌సీ కిట్ (పూత వేసిన పలక మీద పదార్థాలని మచ్చలుగా విడదీసేది) చవక. ఏ పదార్థం ఉందో చెబుతుంది, ఎంత ఉందో గట్టిగా చెప్పదు.

పొటెన్సీకి హెచ్‌పీఎల్‌సీయే. జీసీ (శాంపిల్‌ని ఆవిరి చేసి విడదీసే మెషీన్) ఇంజెక్టర్ వేడికి టీహెచ్‌సీఏ అక్కడికక్కడే టీహెచ్‌సీ అయిపోతుంది, కాబట్టి రెండూ విడిగా కనిపించవు. షిమాద్జు ఈ పనికే కానబిస్ ఎనలైజర్ అమ్ముతుంది, మెథడ్ లోపలే ఉంటుంది. మెథడ్ డెవలప్‌మెంట్ తెలియనివాళ్లకి ఆ అదనపు డబ్బు దండగ కాదు. తెలిసినవాళ్లకి మామూలు యూవీ డిటెక్టర్, 150 మిల్లీమీటర్ల సీ18 కాలమ్, ఫార్మిక్ యాసిడ్ కలిపిన నీళ్లు, ఎసిటోనైట్రైల్ చాలు. నిమిషానికి 1.5 మిల్లీలీటర్లు, పది నిమిషాల రన్, స్టాండర్డ్స్‌తో కలిపి రోజుకి 30 ఇంజెక్షన్లు అంటే 450 మిల్లీలీటర్లు. అందులో 70 శాతం ఎసిటోనైట్రైల్ అయితే నాలుగు లీటర్ల బాటిల్ 12 రోజులు వస్తుంది.

ఎక్కువ తప్పులు మెషీన్ దాకా రాకముందే జరుగుతాయి. డిస్టిలేట్ జిగట, స్పాచులాకి అంటుకుని వదలదు. కొద్దిగా వేడి చేసి 50 మిల్లీగ్రాములు తూచి, 50 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో కరిగించి, మళ్లీ పదింతలు పలచన చేయండి. 85 శాతం డిస్టిలేట్ మిల్లీలీటరుకి 85 మైక్రోగ్రాముల దగ్గర పడుతుంది, వంద దాకా వేసిన కాలిబ్రేషన్ లైన్లో సరిపోతుంది. త్రాసు 0.1 మిల్లీగ్రాము చూపించాలి. ఒక మిల్లీగ్రాము దాకానే చూపించే త్రాసు మీద 10 మిల్లీగ్రాములు తూస్తే పదో వంతు తేడా అక్కడే వచ్చేసింది. కాలిఫోర్నియాలో లేబుల్ మీద అంకెకి అటూ ఇటూ 10 శాతం తేడానే ఒప్పుకుంటారు. ఇంకొకటి, మైక్రోపిపెట్‌తో ఎసిటోనైట్రైల్ తీస్తే చుక్కలు కారుతుంది. టిప్‌ని మూడు నాలుగుసార్లు అదే సాల్వెంట్‌తో తడిపి అప్పుడు తీయాలి.

క్రూడ్‌లో మైనం ఉంటుంది. కరిగించిన శాంపిల్‌ని ఫ్రీజర్లో పెట్టి, పీటీఎఫ్ఈ ఫిల్టర్ దాటించి, గార్డ్ కాలమ్ పెట్టి ఎక్కించండి, లేదంటే ప్రెషర్ పెరిగి కాలమ్ పోతుంది. యాసిడ్లైన టీహెచ్‌సీఏ, సీబీడీఏ పీకులు (గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరాలు) మాత్రమే జరిగి, మిగతావి కదలకపోతే కాలమ్‌ని తిట్టొద్దు. మొబైల్ ఫేజ్‌లో (కాలమ్ గుండా పారే ద్రావణంలో) యాసిడ్ కొలత తేడా అయింది. డెల్టా-9 (మామూలు టీహెచ్‌సీ) పీకు పెద్దదైతే పక్కనున్న డెల్టా-8 (టీహెచ్‌సీలోనే ఇంకో రకం) దాని నీడలో కనిపించదు, రిజల్యూషన్ (రెండు పీకులు ఎంత విడిపోయాయో చెప్పే అంకె) 1.5 పైన ఉండాలి. అన్ని కానబినాయిడ్లూ (టీహెచ్‌సీ, టీహెచ్‌సీఏ లాంటి గంజాయి పదార్థాలు) కూడితే 103 శాతం వచ్చిందా? సంబరపడకండి, కాలిబ్రేషనో పలచనో తప్పింది.

సాల్వెంట్ అవశేషాలకి జీసీ కావాలి, హెడ్‌స్పేస్‌తో (వయల్‌లో పైన చేరిన ఆవిరిని తీసుకునే భాగం). కాలిఫోర్నియా పరిమితి బ్యూటేన్‌కి గ్రాముకి 5,000 మైక్రోగ్రాములు, హెక్సేన్‌కి 290, బెంజీన్‌కి 1. ఇథనాల్‌తో సారం తీసే యూనిట్లకి నా సలహా: జీసీ వద్దు, బయటికి పంపండి. బ్యూటేన్ యూనిట్లకి ఉపయోగమే, కానీ ఒక షరతు. జీసీలోని ఎఫ్ఐడీ డిటెక్టర్‌లో మండేది నిజమైన హైడ్రోజన్ మంట. బ్యూటేన్ గాలి కంటే బరువు, నేల వెంబడి పాకుతుంది. ఎక్స్‌ట్రాక్షన్ జరిగే క్లాస్ 1 డివిజన్ 1 (మండే ఆవిర్లు ఉండే చోటు అని అమెరికా వర్గీకరణ) గదిలో ఆ జీసీ అసలు ఉండకూడదు. వేరే గది, వేరే వెంటిలేషన్, గ్యాస్ లైను: ఆ ఖర్చు కొటేషన్‌లో కనపడదు.

అన్నిట్లోకీ చవకైనది, ఎవరూ రివ్యూ చేయనిది హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత చూసేది). బయోమాస్‌లో తేమ ఇథనాల్‌లోకి దిగి, తిరిగి వాడేకొద్దీ నీళ్లు పెరుగుతాయి. నీళ్లు పెరిగితే చక్కెరలు కూడా దిగుతాయి. ఉష్ణోగ్రత సవరణతో ప్రతి బ్యాచ్‌కీ ప్రూఫ్ (ఇథనాల్ గాఢత) చూసుకోండి. బయోమాస్ తేమని 105 డిగ్రీల ఓవెన్‌లో చూస్తే టెర్పీన్స్ కూడా ఎగిరిపోయి తేమ ఎక్కువ చూపిస్తుంది, అది మర్చిపోవద్దు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకి: ఎజిలెంట్ 1100 లాంటి పాత సిస్టమ్స్ కొత్తదాంట్లో మూడో వంతు ధరకే దొరుకుతాయి, మెషీన్లు గట్టివే. పంప్ ప్రెషర్ టెస్టు మీ ఎదురుగా చేయించండి, డ్యుటీరియం ల్యాంప్ ఎన్ని గంటలు వెలిగిందో చూడండి, ఆటోశాంప్లర్ ఒకే వయల్‌ని ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తే పీకు ఏరియాలు కలుస్తున్నాయా చూడండి. చివరిగా సాఫ్ట్‌వేర్ లైసెన్సు మీ పేరు మీదకి మారుతుందా అని రాతపూర్వకంగా అడగండి. చాలా బేరాల్లో మెషీన్ ఒకరిది, లైసెన్సు ఇంకొకరిది. కొత్త లైసెన్సు కొనాల్సి వస్తే చవకైన బేరం కాస్తా అక్కడే అయిపోతుంది.